కంపెనీ వదిలేసిన కారు

మా తమ్ముడిని రేసులకు తీసుకుపోయిన కార్ల కంపెనీ ఇక రేసులు మానేస్తోందని తెలిసిన రోజు, నేను బడిలో అందరికీ మైసూర్‌పాకు పంచాను. ఏం విశేషమని అడిగిన తోటి టీచర్లకు ఇంట్లో ఎవరిదో పుట్టినరోజని చెప్పాను. ఎమ్మిగనూరులో ఏడో తరగతికి లెక్కలు చెప్పుకునే మనిషి, ఎక్కడో ఒక కంపెనీ తన రేసు జట్టును మూసేసిందని సంబరపడుతోందంటే వాళ్లకేం అర్థమవుతుంది?

పొద్దున తమ్ముడు ఫోన్ చేసినప్పుడు వాడి గొంతు బాగా దిగిపోయి ఉంది.

"అక్కా, కంపెనీ రేసులు ఇడిసిపెట్టిందక్కా. ఇంగ మట్టి రేసుల్లేవంట, డీజిల్ బండ్లూ ల్యావంట. అన్నీ కరెంటు కార్లేనంట. మా జట్టంతా ఇంటికి పోవల్లంట."

"అయ్యో" అన్నాను. ఆ అయ్యోలో ఆవగింజంత నిజం లేదు. ఫోన్ పెట్టేసి నేరుగా మిఠాయి అంగడికి పోయాను.

నాకు భయం ఎక్కువ. దాచుకోవలసిన పనేం లేదు. తమ్ముడు రేసుకు పోయిన ప్రతి ఆదివారం నా చూపు ఫోను మీదే ఉండేది. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తే ధైర్యం లేదు, ఎత్తకుండా ఉండే ధైర్యం అంతకన్నా లేదు. మా వీధిలో ఇప్పటికీ మగ్గాలు ఆడే ఇళ్లున్నాయి. ఆ టకటక ఒక్కసారిగా ఆగితే, పోగు తెగి ఉంటుందని తెలిసి కూడా, ఎక్కడో ఒక కారు ఆగిపోయినట్టు నా గుండె ఝల్లుమనేది. "భయానికి జీతమిచ్చే ఉద్యోగముంటే నువ్వు ఈపాటికి పెద్ద ఆఫీసరువై ఉందువు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నవ్వినంతసేపు నవ్వి, సాయంత్రం వాడు క్షేమమని మెసేజ్ వచ్చేదాకా ఆయనా అన్నం ముట్టేవాడు కాదు. ఆ మాట మాత్రం ఒప్పుకోడు.

తమ్ముడిది ఆదోనిలో లారీల మెకానిక్ షెడ్డు. పత్తి బేళ్లు మోసే లారీలే వాడికి గిరాకీ. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. గుడికి పూలదండలు కట్టివ్వడం మా ఇంటి పని. నాయన పోయాక ఆ పని అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. ఒక ఎండాకాలం ఆ కార్ల కంపెనీవాళ్లు మట్టిదారుల మీద తమ కార్లను పరీక్షించుకోవడానికి ఆలూరు వైపు వచ్చారు. ఒక కారు వాగు ఇసుకలో కూరుకుపోయింది. తీయడానికి పిలిస్తే పోయిన మావాడు, దాన్ని బయటికి తీయడమే కాక, ఆ వాగుకు అడ్డంబడి ఎట్లా దాటాలో తానే నడిపి చూపించాడు. అంతటితో వాడి జాతకం మారింది. ముందు మెకానిక్కుగా తీసుకున్నారు, తర్వాత డ్రైవర్ని చేశారు. వీధి వీధంతా మురిసింది. అమ్మా మురిసింది. నేనొక్కదాన్నే ఏడ్చాను. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని అప్పుడూ మాటపడ్డాను.

ఆ జట్టుకు ఒక మేనేజరు ఉండేవాడు. తమిళాయన, వయసు మళ్లిన మనిషి, మాట తక్కువ. వాళ్ల రేసు నేను చూసింది ఒకే ఒక్కసారి. చూడటమంటే, సగం సేపు కళ్లు మూసుకొనే ఉన్నాను. కానీ ఆయన పని చేసే తీరు మాత్రం కళ్లు తెరిచి చూశాను. డ్రైవరు ఎక్కి కూర్చొని, హెల్మెట్ పెట్టుకొని, మెడకు పట్టీ వేసుకొని, ఛాతీకి అడ్డంగా బెల్టులన్నీ బిగించుకున్నాక, ఆయన కారులోకి తల దూర్చేవాడు. సీటు కింద, బ్రేకు కింద, క్లచ్చు వెనక చేత్తో తడిమి తడిమి చూసేవాడు. ఆ తర్వాత తలుపు తానే వేసేవాడు. ఆయన తలుపు వేయనిదే కారు కదలదు. కంపెనీ యజమాని వచ్చి చెప్పినా సరే, కదలదు.

నా భయం చూసి కాబోలు, దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పాడు. "బెల్టులు కట్టినాక డ్రైవరు వంగలేడమ్మా. తన కాళ్ల దగ్గర ఏముందో తనకు తెలీదు. ఆ కాళ్లు ఇంకొకరు చూడాలి."

ఆ ఒక్క మాటతో నాకు కొంచెం ఊపిరాడింది. వాడి కాళ్లు చూసే మనిషి ఒకడున్నాడు కదా అనుకున్నాను.

ఆయనకూ మా అమ్మకూ మాత్రం ఒక తగువు ఉండేది. ప్రతి రేసుకు ముందు అమ్మ మంత్రాలయం పోయి, తుంగభద్రలో తడిపిన పసుపుగుడ్డలో కొబ్బరికాయ పెట్టి ముడుపు కట్టి తెచ్చేది. కొడుకు క్షేమంగా తిరిగొచ్చాక కొట్టే కాయ అది. అది కొడుకుతోపాటే కారులో పోయి రావాలని ఆమె పట్టు. ఆయనేమో ప్రతిసారీ దాన్ని బయటికి తీసి, తన పక్క కుర్చీలో తువ్వాలు పరిచి దాని మీద పెట్టేవాడు. "స్వామి నా పక్కన కూర్చుంటాడమ్మా, ఇద్దరం కలిసి చూస్తాం" అని నచ్చజెప్పేవాడు. అమ్మ పైకి సరేననేది. ఇంటికొచ్చాక గుణిసేది.

కంపెనీలో పెద్ద తలకాయ మారడంతో అంతా మారింది. కొత్తగా వచ్చినాయన ప్రకటనలు చూసుకునే విభాగం నుంచి వచ్చాడట. దుమ్ములో ఎగిరే కారును చూసి ఈ కాలంలో ఎవరూ కారు కొనరని, రేసులన్నవి ఇక కరెంటు కార్లతో, తెరల మీదనే అని మీటింగు పెట్టి చెప్పాడట. మేనేజరుకు శాలువా కప్పి పంపించేశారు. తమ్ముడికి మాత్రం ఒక పట్నంలో షోరూము పని ఇస్తామన్నారు. కొత్త కారు చూడవచ్చిన వాళ్ల పక్కన కూర్చొని, ఊళ్లో ఒక చుట్టు తిప్పి చూపించే పని.

ఆ పనిలో చేరమని నేను వాడిని బతిమాలని తీరు లేదు. చేతులు పట్టుకున్నాను, గడ్డం పట్టుకున్నాను.

"చప్పుడు ల్యాని కారులో కూకోని, సీటు మెత్తగుండాదా సార్ అని అడగల్లనా అక్కా?" అన్నాడు.

"అడిగితే ఏం పోతుంది? బతికుంటావు" అన్నాను.

వాడు చేరలేదు. కొన్నాళ్లు షెడ్డులో ఒక మూల కూర్చొని ఉండేవాడు. లారీల వాళ్లు పిలిచినా లేచేవాడు కాదు. గడ్డం పెరిగింది. ఇదే మంచిదిలే, అదే సర్దుకుంటుంది అనుకున్నాను. తర్వాత ఒకరోజు కంపెనీ వదిలించుకుంటున్న పాత రేసు కార్లలో ఒకదాన్ని కొని, లారీ మీద ఎక్కించి తెచ్చి షెడ్డులో దింపాడు. కబురు విని ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి పోయాను. కంపెనీ పేరున్నచోట రంగు గీకేసి ఉంది. గడ్డం గీసుకొని, నవ్వుమొహంతో ఆ కారు కింది నుంచి బయటికి వచ్చాడు నా తమ్ముడు.

కంపెనీ రేసును వదిలింది గానీ రేసు నా తమ్ముడిని వదల్లేదు. నేను పంచిన మిఠాయి నాకే చేదయింది. పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డామని అప్పుడు తెలిసింది. కంపెనీ ఉన్నప్పుడు వాడి వెనక ఇంజనీర్లు ఉండేవాళ్లు, డాక్టరు ఉండేవాడు, అన్నింటికన్నా ముఖ్యంగా ఆ తమిళాయన ఉండేవాడు. ఇప్పుడు బండి విప్పేదీ వాడే, బిగించేదీ వాడే, నడిపేదీ వాడే. వాడి కాళ్లు చూసే మనిషి లేడు. ఈ మాట వాడితో అంటే, "నేనే సూసుకుంటా లేక్కా" అన్నాడు. అట్లా చూసుకోలేరనే కదా ఆయన చెప్పింది.

కంపెనీలు పోయినా రేసులు ఆగిపోలేదు. సొంత కార్లున్నవాళ్లు, ఆశ చావనివాళ్లు కలిసి తామే నడుపుకుంటున్నారు. అలాంటిదొకటి ఆలూరు దాటాక, పత్తి ఏరేసిన చేల మధ్య మట్టిదారిలో పెట్టారు. ఒక్కొక్క కారు విడిగా పోవాలి, ఎవరు తక్కువ సమయంలో చుట్టి వస్తే వాళ్లు గెలిచినట్టు. దారి వెంట అక్కడక్కడా జెండాలు పట్టుకున్న మనుషులు. దారి మొదట్లో ఒక షామియానా, దాని కింద వాకీటాకీ పట్టుకున్న నిర్వాహకుడు. ఒక అంబులెన్సు కూడా ఉంది. దాని డ్రైవరు టీ తాగడానికి పోయాడు. నేను మాటిమాటికీ ఆ ఖాళీ సీటు వైపే చూస్తున్నాను.

పోకుండా ఉండలేక పోయాను. అమ్మను వెంటబెట్టుకొని పోయాను. తమ్ముడు పేరు నమోదు చేయించడానికి షామియానా కిందికి వెళ్లినప్పుడు అమ్మ కారు దగ్గరే ఉంది. నేను మంచినీళ్ల కోసం పోయాను. తిరిగి వచ్చేసరికి వాడు కారెక్కి బెల్టులు బిగించుకుంటున్నాడు. తలుపు వాడే లాక్కున్నాడు. ఆ తలుపు ఇంకొకరు వేయాలి కదా. ఏదో అనబోయాను, ఇంజను చప్పుడులో నా మాట నాకే వినబడలేదు. కారు పోయింది. దుమ్ము మా మీద పడింది.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, చాలా రోజులకు ఒక కోరిక తీరిన మనిషిలా అంది: "ఈసారి ముడుపు లోపలే కట్టినా పాపా. తీసేవాళ్లెవరూ ల్యారు గదా."

"యాడ కట్టినావు?"

"సీటు కింద కమ్మీ ఉండాది సూడు, దానికి."

నా భయాన్ని ఎప్పుడూ ఎగతాళి చేసేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అన్ని భయాలూ ఉత్తవి కావు. కొన్ని భయాలు లెక్కలాగే ఒక మెట్టు తర్వాత ఒక మెట్టుగా వస్తాయి. అమ్మ కట్టింది అనగానే నాకు ఆమె చేతులు కనిపించాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న చేతులవి. గుడికి కట్టే దండకు చివర జారుముడి వేస్తారు మా ఇంట్లో. సాయంత్రం పూజారి దండ తీసేటప్పుడు ఒక చేత్తో హారతి పళ్లెం పట్టుకొని ఉంటాడు. రెండో చేత్తో కొస పట్టి లాగితే ముడి దానంతటది ఊడి రావాలి, దేవుడి మెడ కదలకూడదు. నాయన అలాగే కట్టాడు, అమ్మ అలాగే కడుతుంది. ఆమె చేతులు ఇంకో ముడి ఎరగవు.

"ఏ ముడి ఏసినావమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. తన చేతులతో గాలిలో ఆ ముడి వేసి చూసుకుంది. ఆమె మొహంలో రంగు పోయింది.

నేను పరుగెత్తాను. నా వయసులో, ఆ చీరలో, ఆ ఎండలో ఎట్లా పరుగెత్తానో తెలియదు. షామియానా కిందికి పోయి, వాకీటాకీ మనిషి చెయ్యి పట్టుకొని, ఇప్పుడు పోయిన కారును ఆపమన్నాను. ఆయన హొళగుంద వైపు మనిషి, కన్నడం కలిసిన తెలుగు.

"మీరు యారమ్మా? మధ్యలో ఆపేకి కాదు. ఆపల్లంటే టీమ్ మేనేజరు సెప్పల్ల."

"నేనే మేనేజర్ని" అన్నాను.

పైనుంచి కిందికి చూశాడు నన్ను. దుమ్ముపట్టిన నూలుచీర, భుజానికి బడి సంచి. ఆయన ఏమనుకున్నాడో గానీ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకొని, రెండో మలుపు దగ్గర ఎర్రజెండా చూపించమని చెప్పాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. జెండా చూస్తే వాడేం చేస్తాడు? బ్రేకు వేస్తాడు. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు మీద కాలు వేస్తాడు. ముడి ఊడి కాయ దొర్లితే ఎక్కడికి పోతుంది? నా నోటితో నేనే వాడి చేత ఆ బ్రేకు తొక్కిస్తున్నాను. వద్దు, ఆపవద్దని చెప్పబోయాను. అప్పటికే అవతలి నుంచి వాకీటాకీలో గొంతు వినిపించింది, జెండా చూపించామని.

తర్వాత ఏమీ వినిపించలేదు. అప్పటిదాకా దూరంగా వినబడుతున్న ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది. చేల అవతల దుమ్ము పైకి లేచింది, దారి మీద కాదు, దారికి పక్కగా. అమ్మ నా వెనక ఎప్పుడొచ్చి నిలబడిందో, నా భుజం పట్టుకొని ఉంది. వేళ్లు దిగబడుతున్నాయి. ఆమె స్వామి పేరు తలుచుకోలేదు. నేనూ తలుచుకోలేదు. నా తమ్ముడు చచ్చిపోయాడని నేను అనుకున్నాను. నా మాట మీద చచ్చిపోయాడు అనుకున్నాను.

వాకీటాకీ గరగరలాడింది. కారు చేలోకి పోయిందని, డ్రైవరు దిగి నిలబడ్డాడని చెప్పారు.

పోయి చూశాం. జెండా చూసి బ్రేకు తొక్కితే కాలు కిందికి దిగలేదట. ఏదో గట్టిగా అడ్డం పడిందని తెలిసి, మలుపు తిరగకుండా స్టీరింగు తిప్పి కొత్తగా దున్నిన దుక్కిలోకి దించేశాడు. పెద్ద పెద్ద నల్లమట్టి పెళ్లలు చక్రాలను పట్టుకొని నిలబెట్టేశాయి. వాడికి మణికట్టు బెణికింది, అంతే. జెండా చూపించకపోయి ఉంటే, ఆ రెండు మలుపులూ బ్రేకు లేకుండానే తిరిగి, ఇంకా ముందున్న రాళ్ల వంక దగ్గర మొదటిసారి బ్రేకు తొక్కేవాడు. అక్కడ దుక్కి లేదు. ఈ సంగతి వాడు నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది.

బ్రేకు కింద నుంచి కాయను వాడే బయటికి లాగాడు. పసుపుగుడ్డ చినిగింది గానీ కాయ పగల్లేదు.

"స్వామే కాపాడినాడు" అంది అమ్మ, అలవాటు కొద్దీ.

అప్పుడు నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. చేలో నిలబడి, పరాయివాళ్ల ముందు, కన్నతల్లిని నానా మాటలు అన్నాను. కొడుకును చంపుకోబోయావన్నాను. నేను అలిసిపోయి ఆగాక, అమ్మ తన రెండు చేతులూ చూసుకుంటూ నెమ్మదిగా అంది: "నాకు గట్టి ముడి రాదు పాపా. ఎవురూ నేర్పియ్యల్యా."

ఆమెను పట్టుకొని ఏడ్చాను. తమ్ముడు కాసేపు మా ఇద్దరినీ చూసి, కారును దుక్కిలోంచి లాగడానికి ట్రాక్టరు కోసం పోయాడు.

ఇక మానేస్తాడనుకున్నాను. మణికట్టు నయమయ్యేదాకా వాడు కారును ముట్టలేదు కూడా. మొన్న సెలవురోజున ఆదోని పోతే, షెడ్డులో కారు కడిగి పెట్టి ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ రేసట. నేను చెప్పుకోవలసినవన్నీ మనసులో కూర్చుకొని నోరు తెరిచేలోపల వాడే మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు వాకీటాకీ ఆయప్పకు ఏమని సెప్పినావక్కా?"

"అబద్ధం సెప్పినా. నీ ప్రాణం కోసరం."

"అబద్ధమో నిజమో, జెండా లేసింది నీ మాట మీదనే గదా. ఇంగ నువ్వే మేనేజరు. కారంతా నువ్వు సూసి సరే అంటేనే ఎక్కుతా. వద్దంటే ఎక్కను. అమ్మ మీద ఒట్టు."

పరాచికాలేమో అని మొహం చూశాను. కాదు. ఒట్టుకు భయపడే మనిషి వాడు, ఊరికే వేయడు.

ఎన్నేళ్లుగా ఎదురుచూసిన మాట అది. ఇన్నాళ్లూ వాడితో వద్దు వద్దు అని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఆ వద్దుకు విలువ లేదు కాబట్టి ఎంత సులువుగా అనేదాన్నో ఆ క్షణంలో తెలిసింది. ఇప్పుడు ఒక్కసారి అంటే చాలు, ఆ కారు ఇక కదలదు. ఆదివారాలు నావి అవుతాయి. కాకపోతే షెడ్డు మూలలో, పెరిగిన గడ్డంతో, లారీల వాళ్లు పిలిచినా లేవకుండా కూర్చునే మనిషి కూడా నావాడే అవుతాడు. సరే అంటే, వాడికి ఏమైనా అయితే కంపెనీని తిట్టలేను, కొత్తగా వచ్చిన పెద్దమనిషిని తిట్టలేను, అమ్మను తిట్టలేను. ఇంతకుముందు నాకు వాడు పోతాడేమోనని భయం. ఇప్పుడు నేనే పంపించాలేమోనని భయం. ఈ భయం కన్నా ఆ భయమే నయం.

అమ్మ గడప దగ్గర పూలు కడుతోంది. చేతులు ఆపి మా వైపు చూస్తోంది.

"సెప్పక్కా" అన్నాడు తమ్ముడు. "పోవల్లనా, వద్దా?"

వద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

"ముందు బ్రేకు సూడనీ" అన్నాను.

కొంగు నడుముకు దోపి, కారు పక్కన ఆయిలు మరకల నేల మీద మోకాళ్లు ఆనించి, లోపలికి చెయ్యి పెట్టాను.